పెన్సిలు గీత

డాక్టరు నడవమంది.
చేపల కంపులోకి నడవమని చెప్పలేదు,
ఆ దారి నేను ఎంచుకున్నదే.
తెల్లారకముందు ఫిషింగ్ హార్బరు, ఐసు మిల్లు వెనక నేల
ఎప్పుడూ తడే.
పదవిలో ఉండగా ఇంత చూసి అడుగేసిన గుర్తు లేదు.

జ్ఞాపకాలు రాయమని ప్రచురణకర్త వెంటపడుతున్నాడు.
ప్రజాస్వామ్యం ఒక అధ్యాయమట,
విదేశాంగ విధానం ఇంకో అధ్యాయమట,
కానగడతలు ఓ గంపలో, చందువలు ఓ గంపలో పోసినట్టు.
నాకవి ఒకే వలలో పడ్డాయి నాయనా,
విడదీయబోతే ముళ్ళు దిగుతున్నాయి.

ఆ ఏడు,
పేరు చెప్పకూడని ఊళ్ళో, పొడవాటి బల్ల మీద
సముద్రాన్ని పరిచారు.
అల లేదు, ఉప్పు లేదు, నాలుగు మూలలా గాజు బరువులు.
అవతలి మంత్రి మర్యాదస్తుడు,
నా టీలో పంచదార తనే కలిపాడు.
పదకొండు రోజులు కూర్చున్నాం.
ఆఖరికి వేలెడు మేర మనకి కలిసొచ్చింది.
పెన్సిలు నేనే పట్టుకున్నాను.
చెయ్యి వణకలేదు.

ఆ గీత దాటే కొట్టుకుపోయింది
పెదజాలరిపేట తెడ్డు పరసయ్య పడవ.
ఇంజను ఆగింది, గాలి తిరిగింది, అంతే.
తొమ్మిదిమంది. పరాయి జైలు. పద్నాలుగు నెలలు.
ఫైలు నా ముందుకి మూడుసార్లొచ్చింది,
మూడుసార్లూ పచ్చసిరాతో రాశాను:
ఇది సమయం కాదు.

కాదు కూడా. ఇప్పుడడిగినా అదే అంటాను.
సంతకాలు ఆరకముందే తొమ్మిది పేర్లెత్తితే
ఆ వేలెడూ వెనక్కి అడిగేవాళ్ళు.
లెక్క సరైనదే.
సరైనదని అతని పెళ్ళానికి చెప్పే భాష
ఏ రాయబార కార్యాలయంలోనూ నేర్పరు.

ఎన్నికలొచ్చాయి.
పేటలో ఇసక మీద కుర్చీ వేశారు, ఓ కాలు దిగబడింది,
పక్కకి ఒరిగే కూర్చున్నాను మాట్లాడినంతసేపూ.
ఎర్రమ్మ వల బాగుచేస్తూ, తలెత్తకుండా అంది:
"నువ్వు మంచోడివే బాబూ.
మా మావని తేడానికి నీకు ఈలవనేదు.
నీకు ఓటెయ్యడానికి నాకూ ఈలవదు.
కోపం నేదు."

ముప్పై ఏళ్ళలో ఎన్ని ఉమ్మడి ప్రకటనలు విన్నానో.
దుబాసీ అక్కర్లేని ప్రకటన అదొక్కటే.

రెండువేల పదిహేడు ఓట్లతో ఓడాను.
పేటలో ఓట్లు అంతకంటే ఓ నలభై ఎక్కువ.
ఇంటికెళ్తూ సన్యాసిరావు కారు బీచి పక్కన ఆపాడు,
ఏడుస్తున్నాడు, నేనే నీళ్ళిచ్చాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది,
గెలిచిందెవరో అడక్కుండా
వచ్చే ఓడకీ పోయే ఓడకీ ఒకే వెలుగు,
అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.
ఇవాళ కొట్టేశాను.
దీపానికేం, అది ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

నా ఒప్పందాన్ని వీధివీధినా తిట్టి గెలిచినవాడు
గీత జోలికి పోలేదు.
మూడో నెలలో తొమ్మిదిమందినీ తెచ్చాడు.
గీత ఉండబట్టే తేగలిగాడని నా వాళ్ళంటారు,
అదే రాయమంటాడు ప్రచురణకర్త.
ఏమో. వాడు అడిగాడు, నేను అడగలేదు.
స్టేషన్లో ఆఖరి పెట్టె దగ్గర నిలబడ్డాను,
దండల గుంపుకి దూరంగా.
పరసయ్య దిగి, కళ్ళు చికిలించి,
సముద్రం ఏ వైపో ముందు చూసుకున్నాడు.
తర్వాతే పెళ్ళాన్ని.

ఇవాళ వంజరం కిలో ఏడొందలంది ఎర్రమ్మ.
తగ్గించమన్నాను. తగ్గించలేదు.
ముక్కలు కోస్తూ అడిగింది:
"ఆ గీత ఎక్కడుంటాది బాబూ? సూపిస్తావేటి?"

తూర్పు వైపు వేలెత్తాను.
ఎర్రటి నీళ్ళ మీద ట్రాలర్లు బయల్దేరుతున్నాయి.
వేలు నిలవలేదు.
"అక్కడెక్కడో" అన్నాను.

"ఓహో" అంది,
కత్తి తిప్పి తోక గీకింది.
పొలుసొకటి ఎగిరొచ్చి
నా కళ్ళజోడుకి అంటుకుంది.